బల్ల మీద అరచెయ్యి

కాలేజీ వెనక వీధి, మూడో అంతస్తు గది

వదినకి,

ఈ కాలంలో ఉత్తరం ఏమిటని నవ్వుకోకు. ఫోన్ చేస్తే అన్నయ్య స్పీకర్ ఆన్ చేసి మధ్యలో కూర్చుంటాడు. నేను నిన్ను అడిగినదానికి తను జవాబు చెబుతాడు, అదీ తప్పు చెబుతాడు. పైగా పొద్దుటి నుంచి కీలు కొట్టీ కొట్టీ ఇంటికొచ్చాక పెన్ను పట్టుకుంటే వేళ్లకి సెలవు దొరికినట్టు ఉంటోంది.

ఉద్యోగం బాగుంది. చరిత్ర క్లాసులో మాస్టారు చెప్పేదంతా ఆయన చెబుతుండగానే నేను టైప్ చెయ్యాలి. నా పక్కన ఒక అమ్మాయి కూర్చుంటుంది. ఆమెకి చెవులు బొత్తిగా వినపడవు. నేను కొట్టింది కొట్టినట్టు తన ముందున్న చిన్న తెర మీద పడుతుంది, అది చదువుకుని పాఠం వింటుంది. చదవడాన్ని వినడం అని రాశాను చూశావా, నాకు అలాగే అలవాటైపోయింది. మాస్టారు ఒక వాక్యం ముందు, నేను ఒక వాక్యం వెనక. ఇద్దరం రోజూ అలా నడుస్తూనే ఉంటాం.

ఉద్యోగంలో చేరేటప్పుడు నువ్వు షాపులో చేసిచ్చిన కీబోర్డు ఇక్కడ అందరి కళ్లల్లోనూ పడింది. చాలా బాగుందన్నారు. ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను, అలాంటి కీబోర్డుకి చప్పుడు కాస్త తగ్గించాలంటే ఏం చేస్తారు? నా కోసం కాదు. తెలిసినవాళ్లెవరో అడిగారు.

అన్నయ్యని అడిగానని చెప్పు.

నీ మరదలు


షాపు, వెనక బల్ల

మరదలు పిల్లకి,

తెలిసినవాళ్లు అడిగారా? నేనేమీ నిన్న మొన్న ఈ ఇంటికి వచ్చినదాన్ని కాదమ్మా. మామూలుగా నీ దస్తూరీ చదవాలంటే మందుల షాపువాణ్ణి పిలవాలి. నువ్వు ఏదైనా దాస్తున్నప్పుడు మాత్రం అక్షరాలు గుండ్రంగా, బడిపిల్ల కాపీ రాసినట్టు కుదురుగా వస్తాయి. మొన్నటి ఉత్తరంలో మొదటి పేజీ అంతా కోడిగీతలే. ఆఖరి నాలుగు ముక్కలూ ముత్యాలు. కాబట్టి ఎవరికి తలనొప్పి తెప్పించిందో దాచకుండా చెప్పు.

ఈలోగా అడిగినదానికి జవాబు. కీ తొడుగు ఊడదీస్తే కింద చిన్న డబ్బీ కనిపిస్తుంది కదా, అదే స్విచ్. దాన్ని నిలబెట్టడానికి పద్ధతులు రెండు. ఒకటి, ఇనప ప్లేటుకి చదరపు కన్నాలు కోయించి స్విచ్‌లని వాటిలోకి నొక్కడం. టక్కున కరుచుకుంటాయి, ఇక కదలవు. రెండోది, ప్లేటు జోలికే పోకుండా స్విచ్‌ని తిన్నగా కింది సర్క్యూట్ బోర్డులోకి దింపడం. అప్పుడు దానికి ఐదు కాళ్లు కావాలి, కరెంటుకి రెండు, నిలబడడానికి మూడు. పైన ప్లేటు పట్టుకుంటే మూడు కాళ్లతోనే సరిపెట్టుకుంటుంది. వేళ్లకి తేడా ఎలా ఉంటుందంటే, మొదటిది నేల మీద నడిచినట్టు, రెండోది పరుపు మీద నడిచినట్టు. పరుపు మెత్తగానే ఉంటుంది కానీ నడకలో రాజసం ఉండదు.

నీది మొదటి రకం. ఆ ప్లేటుని మళ్లీ కింది పెట్టెకి చుట్టూ స్క్రూలతో బిగించాను. అందుకే నువ్వు కొట్టే ప్రతి దెబ్బా బల్ల దాకా దిగుతుంది. అది లోపం కాదు, దాని గొప్పతనం. ఆ చప్పుడు కోసం ఎన్ని రకాల స్విచ్‌లు తెప్పించి, ఎన్ని వెనక్కి పంపానో మీ అన్నయ్యని అడుగు. అడక్కు, అతనికి ఏమీ గుర్తుండదు.

మీ వదిన


మూడో అంతస్తు గది

వదినా,

పట్టేశావు. చెప్పేస్తున్నాను, అక్షరాలు చూసుకో, అన్నీ కోడిగీతలే.

తలనొప్పి మాస్టారికే. పాపం ఆయన గొంతు చాలా మెల్లన. మైకు పెట్టుకోమంటే సిగ్గు. క్లాసులో బల్లలు పొడుగాటివి, లోపల పుస్తకాలు పెట్టుకునే అర ఉంటుంది. బోలుగా ఉండడం వల్ల నేను కొడుతుంటే బల్లే మోగుతుంది. ఆయన ఒక రాజు చనిపోయిన సంగతి గొంతు తగ్గించి చెబుతుంటే నేను పక్కన వడగళ్ల వాన కురిపిస్తున్నాను. వెనక వరసల వాళ్లు వినపడడం లేదని ఆఫీసుకి వెళ్లి చెప్పారు. వాళ్లదీ తప్పు కాదు.

ఆఫీసువాళ్లు ఒక దారి చూపించారు. వచ్చే టర్మ్ నుంచి నేను మేడ మీద గదిలో కూర్చోవాలట. మాస్టారి మాట అక్కడికి వస్తుంది, నేను అక్కడి నుంచి టైప్ చేస్తాను, కింద అమ్మాయి తెర మీద పడుతుంది. చెప్పడానికి బాగానే ఉంది. కానీ మాస్టారు గోడ మీద పటం చూపించి "ఇక్కడి నుంచి ఇక్కడికి వచ్చారు" అంటే ఎక్కడి నుంచి ఎక్కడికో మేడ మీద నాకేం తెలుస్తుంది? ఎవరో కుర్రాడు ప్రశ్న అడిగితే అడిగింది ఎవరని రాయను? ఇప్పుడైతే అమ్మాయికి అర్థం కానిచోట మోచేత్తో నన్ను పొడుస్తుంది, నేను ఆ ముక్క మళ్లీ టైప్ చేస్తాను. ఎడమ చెయ్యి బల్ల మీద పరుచుకుని, చిన్నపిల్లలా బుద్ధిగా కూర్చుంటుంది. మేడ మీదకి పోతే ఆ పిల్ల క్లాసులో ఒంటరిదైపోతుంది. నిజం చెప్పాలంటే నేనూ అవుతాను.

మాస్టారు మంచివారు. టర్మ్ అయ్యేలోగా చప్పుడు తగ్గితే నన్ను అక్కడే కూర్చోనిస్తానన్నారు. వేరే కీబోర్డులు రెండు అడిగి తెచ్చి చూశాను. ఒకటి నా వేగాన్ని అందుకోదు, రెండోది వేళ్లు విరగ్గొడుతుంది. నువ్వు చేసినదానికి వంక పెట్టాల్సి వస్తోందని ఇన్నాళ్లూ చెప్పలేదు. కోపం తెచ్చుకోకు.

నీ మరదలు


షాపు, వెనక బల్ల

అమ్మడూ,

వడగళ్ల వాన అన్న ముక్క దగ్గర ఒక్క నిమిషం మనసు చివుక్కుమంది. ఆ తర్వాత నవ్వొచ్చింది. కీబోర్డు ఉన్నది నీ పనికి, నా చెవులకి కాదు. నీ క్లాసుకి ఏం కావాలో అడక్కుండా నాకు నచ్చినట్టు చేసిచ్చాను. అంతే.

పార్సిల్‌లో వస్తున్నది కొత్తది. నాకు పరుపు నడక నచ్చదని నీకు తెలుసు, అయినా నీ కోసం పరుపే వేశాను. ఇనప ప్లేటు లేదు. ఐదు కాళ్ల స్విచ్‌లు తెప్పించి తిన్నగా బోర్డులోకి దింపాను. వీటి లోపల నొక్కితే కదిలే నాలుక పైకీ కిందికీ తగిలేచోట చిన్న రబ్బరు ముక్కలుంటాయి, కాబట్టి టకటకలుండవు. అంతటితో ఊరుకోలేదు. ఆ బోర్డుని పెట్టెకి స్క్రూ కూడా వెయ్యలేదు. చుట్టూ అంచుకి మెత్తటి స్పాంజి పట్టీలు అంటించి, వాటి మధ్య ఊయల్లో పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాను. పెట్టెకీ బోర్డుకీ ఎక్కడా గట్టిగా తగలదు. కింద రబ్బరు కాళ్లు కూడా లావువి.

మధ్యాహ్నం భోజనం చేసి మీ అన్నయ్య కుర్చీలో కునుకు తీస్తుంటే పక్కనే కూర్చుని పేజీలకి పేజీలు కొట్టాను. కదల్లేదు. నేను లేచి నిలబడ్డాక కుర్చీ కిర్రుమంటే అప్పుడు లేచాడు. ఇంతకు మించిన పరీక్ష నాకు తెలియదు.

ఇన్నేళ్లలో ఇంత నిశ్శబ్దంగా ఉండేది నేను చెయ్యలేదు. షాపుకి వచ్చినవాళ్లకి ఒకరిద్దరికి చూపించి గొప్పలు కూడా పోయాను. మాస్టారు ఏమన్నారో వెంటనే రాయి.

మీ వదిన


మూడో అంతస్తు గది

ప్రియమైన వదినకి,

పార్సిల్ అందింది. కీబోర్డు అద్భుతంగా ఉంది. మాస్టారు మొదటి రోజు నేను రాలేదేమో అనుకుని బెంచీ వైపు రెండుసార్లు చూశారు. క్లాసయ్యాక చాలా సంతోషించారు. వెనక వరసలకి కూడా ఇప్పుడు చక్కగా వినపడుతోందట. నన్ను మేడ మీదకి పంపే మాట ఇక ఉండదని అనుకుంటున్నాను.

నీకు ఎంతో శ్రమ ఇచ్చాను. అంతా బాగుంది. అన్నయ్యకి నా నమస్కారాలు.

నీ మరదలు


షాపు, వెనక బల్ల

మరదలికి,

ఉత్తరం అరపేజీ. "ప్రియమైన" ఎక్కడి నుంచి వచ్చింది? అన్నయ్యకి నమస్కారాలేమిటి, ఎప్పుడైనా పెట్టావా? అక్షరాలైతే ఫ్రేము కట్టి గోడకి తగిలించుకోవచ్చు, అంత అందంగా ఉన్నాయి.

ఏమైంది?

మీ వదిన


మూడో అంతస్తు గది

వదినా,

నువ్వు అంత మురిసిపోతూ రాశాక నాకు నోరు రాలేదు. ఇప్పుడు చెప్పక తప్పదు, చదివి రెండు తిట్లు తిట్టుకో.

కొత్త కీబోర్డు వచ్చిన దగ్గర నుంచి మా అమ్మాయి తీరు మారిపోయింది. ఇదివరకు మాస్టారి మొహం చూసేది, పటం చూసేది, కిటికీలోంచి కూడా చూసేది, అవసరమైనప్పుడు తెర వైపు తిరిగేది. ఇప్పుడు తెర మీద నుంచి కళ్లు తియ్యడం లేదు. పటం ఏదో, మాస్టారు ఎటు చూపించారో తెలియదు. పటం వైపు చూస్తే ఈలోగా నేను రాసింది దాటిపోతుంది. మొన్న మాస్టారు ఒక జోకు వేశారు. క్లాసంతా నవ్వి ఊరుకుంది. అందరూ నిశ్శబ్దమయ్యాక ఈ పిల్ల ఒక్కతీ చదివి పైకే నవ్వింది. అందరూ తిరిగి చూశారు. ఆ తర్వాత ఆమె మళ్లీ నవ్వలేదు.

ఒంట్లో బాగాలేదా అని కాగితం మీద రాసి అడిగాను. తల అడ్డంగా ఊపింది. పెన్ను చేతిలో పెట్టి వదలకుండా కూర్చుంటే అప్పుడు రాసింది: "మీరు పక్కన లేనట్టుంది."

సంగతి ఏమిటంటే, ఎడమ చెయ్యి బల్ల మీద పరుచుకుని కూర్చునేదని రాశాను కదా. నేను అది ఆమె కూర్చునే తీరు అనుకున్నాను. కాదు వదినా. ఆ చేత్తో ఆ పిల్ల నా టైపింగు వినేది. నేను కొట్టడం మొదలెడితే బల్ల అదిరేది, అప్పుడు తెర వైపు తిరిగేది. ఆపితే హాయిగా మాస్టారి మొహం చూసుకునేది. నేను గబగబా కొడుతుంటే ఏదో ముఖ్యమైనది వస్తోందని ముందే తెలిసిపోయేది. క్లాసులో అందరికీ తలనొప్పిగా ఉన్న ఆ వడగళ్ల వాన ఆమెకి మాత్రం పనికొచ్చేది. నువ్వు స్పాంజి పట్టీలు వేసి దాన్ని పూర్తిగా ఆపేశావు. ఆపమన్నది నేనే.

మాస్టారికి పాతది వద్దు. అమ్మాయికి కొత్తది పనికిరాదు. పాతది తెస్తే నన్ను మేడ మీదకి పంపేస్తారు. కొత్తదానితో కూర్చుంటే పక్కన ఉండీ లేనట్టే. నాకు ఏమీ తోచడం లేదు. నువ్వు అంత కష్టపడి చేసినదాన్ని బాగాలేదని నేను అనడం లేదు, చాలా బాగుంది, అదే దాంతో వచ్చిన చిక్కు.

నీ మరదలు


షాపు, వెనక బల్ల

మరదలికి,

ఇన్ని రోజులు కూర్చుని, నా చేత్తో ఒక్కొక్క పట్టీ కోసి అంటించి చేసిన కీబోర్డుకి నిశ్శబ్దంగా ఉండడమే తప్పయింది. చప్పుడైతే చప్పుడంటారు, లేకపోతే లేదంటారు. నా షాపులో ఇంతకంటే తేలికైన బేరాలు చాలా ఉన్నాయి. రెండు కీబోర్డులూ నీ దగ్గరే ఉన్నాయి. ఒకటి ఒక రోజు, ఇంకోటి ఇంకో రోజు వాడుకో.

పైది రాసి మడిచి డ్రాయర్‌లో పడేశాను. రెండు రోజులు అలిగాను. చింపెయ్యవచ్చు కానీ నేను అలిగిన సంగతి నీకు తెలియకపోతే అలిగి ఏం లాభం? అందుకని ఉంచాను.

మూడో రోజు పొద్దున షాపు తలుపు తీసి, షాపులో నేను వాడుకునే పాత కీబోర్డు బల్ల మీద పెట్టి, చెవుల్లో దూది కుక్కుకుని, మీ అన్నయ్యని కొట్టమన్నాను. కళ్లు మూసుకుని అరచెయ్యి బల్ల మీద ఆనించాను. నీకు ఎలా చెప్పను? పెద్ద కీ ఏదో చిన్న కీ ఏదో కూడా తెలుస్తోంది. మీ అన్నయ్య మధ్యలో ఆగి తల గోక్కోవడం కూడా తెలిసింది. ఇన్నాళ్లూ నేను చెవి కోసమే ఇవి చేస్తున్నాను. చేతికి ఇంత చెబుతాయని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ పిల్లకి ఇదంతా ఎప్పటి నుంచో తెలుసు.

ఇక మూడో కీబోర్డు పనిలోకి దిగాను, ఇదీ పార్సిల్‌లో వస్తోంది. చప్పుడు వేరు, అదురు వేరు. మొదటిది గాలిలో పోయేది, రెండోది చెక్కలో పోయేది. నీ పాతదాంట్లో రెండూ పోయేవి, కొత్తదాంట్లో రెండూ ఆపేశాను. ఇప్పుడు ఒకటి ఆపి ఒకటి పంపాలి. రబ్బరు ముక్కలున్న స్విచ్‌లే ఇందులోనూ వేశాను, అందువల్ల టకటక ఉండదు. కానీ వాటిని మళ్లీ ఇనప ప్లేటులో కరిపించి, ప్లేటుని పెట్టెకి స్క్రూలతో బిగించాను. నా గట్టి నేల నాకు తిరిగి వచ్చింది. పెట్టెకి రబ్బరు కాళ్లు పెట్టకుండా ఒక పొడుగాటి చెక్క మీద బిగించేశాను. ఆ చెక్క కింద మందపాటి ఉన్ని గుడ్డ అంటించాను. అంటే అదురు చెక్క దాకా వస్తుంది, అక్కడ ఆగుతుంది. మీ బోలు బల్లకి తగలదు, కాబట్టి బల్ల మోగదు. ఆ అమ్మాయి చెయ్యి ఇకమీదట బల్ల మీద కాదు, చెక్క చివర పెట్టుకోవాలి.

ఆమె ఏ పక్క కూర్చుంటుందో నువ్వు రాయలేదు. కానీ బల్ల మీద పెట్టేది ఎడమ చెయ్యి అన్నావు, కుడిచేత్తో రాసుకోవాలి కాబట్టి నీకు కుడి పక్కన కూర్చుంటుందని లెక్కేసి చెక్కని ఆ వైపు పొడుగు ఉంచాను. చెయ్యి పెట్టేచోట అంచు గుండ్రంగా గీసి నున్నగా చేశాను. వార్నిష్ వెయ్యలేదు, చేతికి చెక్క చెక్కలాగే తగలాలి.

మీ అన్నయ్య చెవుల్లో దూది పెట్టి, చెక్క చివర చెయ్యి పెట్టించి, ఎదురుగా పేపరు ఇచ్చి చదవమన్నాను. నేను కీ నొక్కిన ప్రతిసారీ తలెత్తి చూశాడు. పెళ్లయిన దగ్గర నుంచి నేను పిలిస్తే వెంటనే తలెత్తడం ఇదే మొదలు. మన ఇంట్లోకి కూడా ఒక చెక్క చేసుకుందామా అని ఆలోచిస్తున్నాను.

చిన్న దబదబ ఉంటుంది, దాన్ని పూర్తిగా తియ్యలేను. మాస్టారు ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు. ఒప్పుకోకపోతే మాత్రం నాకు రాయడానికి మొహమాటపడకు. ఇంకా ఆలోచిద్దాం.

మీ వదిన


మూడో అంతస్తు గది

వదినా,

నువ్వు అలిగిన పేజీ నాలుగుసార్లు చదివాను. అన్నిసార్లూ నవ్వాను.

ఇక వినుకో. చెక్క బల్ల మీద పెట్టి, అమ్మాయి చెయ్యి పట్టుకుని చివర పెట్టించాను. ఎందుకని కనుబొమ్మలు ఎగరేసింది. ఏదో ఒక మాట కొట్టాను. చెయ్యి టక్కున తీసేసి, మళ్లీ పెట్టి, నా వైపు తిరిగి ఇంకా కొట్టమన్నట్టు చూసింది. నేను మా అన్నయ్య తల గోక్కున్న సంగతంతా కొట్టాను. తెర చూస్తూ చెక్క మీద చెయ్యి ఆనించి ఒకటే నవ్వు. నువ్వు వేసిన లెక్క సరిపోయింది, నా కుడి పక్కనే కూర్చుంటుంది.

మాస్టారు వచ్చి పాఠం మొదలెట్టారు. నువ్వు చెప్పిన దబదబ ఉంది. ఒకచోట ఆయన ఆగి, తల పక్కకి వంచి విన్నారు. అయిపోయింది అనుకున్నాను. మళ్లీ అందుకున్నారు. క్లాసయ్యాక తిన్నగా మా బెంచీ దగ్గరికి వచ్చి ఈ చెక్క ఏమిటని అడిగారు. ఉన్నదంతా చెప్పాను. ఆయన చెక్క చివర అరచెయ్యి పెట్టి ఏమైనా కొట్టమన్నారు. ఆ రోజు పాఠంలో ఆయన చెప్పిన మొదటి వాక్యమే కొట్టాను. కొట్టడం అయిపోయాక కూడా ఆయన చెయ్యి తియ్యలేదు.

"నా మాట ఇలా వెళ్తోందా ఈ అమ్మాయికి," అన్నారు. పై గది అక్కర్లేదని ఆఫీసుకి తనే చెబుతానన్నారు. చెప్పారు కూడా. వెనక వరసల వాళ్ల కోసం మైకు పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు. నేను ఇక ఇక్కడే. ఈ మాట నీకు ఫోన్ చేసి చెప్పాలనిపించింది కానీ అన్నయ్య ముందు వినేస్తాడని ఆగాను.

ఇంకో సంగతి ఉంది. దీని కోసమే ఉత్తరం ఇంత పొడుగైంది.

నిన్న మాస్టారు పాఠం మధ్యలో ఒక ప్రశ్న వేసి ఆగారు. మామూలుగా ఈ పిల్ల ప్రశ్న చదివేసరికి ఎవరో ఒకరు జవాబు చెప్పేసి ఉంటారు. నిన్న మాత్రం చెక్క కదలగానే తెర చూసింది, చదివింది, నేను ఆపగానే చెయ్యెత్తింది. క్లాసులో ఆమె గొంతు ఎవరూ విని ఉండరు, నేనూ అంతే. లేచి నిలబడింది. ఎడమ చెయ్యి మాత్రం చెక్క మీదే ఉంచి, కొంచెం వంగి నిలబడి మాట్లాడింది. మాటలు మందంగా, ఒక్కొక్కటి పేర్చినట్టు వచ్చాయి, కానీ అన్నీ అర్థమయ్యాయి. నా వేళ్లకి అలవాటు కదా, ఎవరు మాట్లాడుతున్నారని చూసుకోవు. ఆమె మాటలు కూడా కొట్టుకుంటూ పోయాను.

సగంలో ఆగిపోయింది. తను మాట్లాడుతుంటే అదురుతున్న చెక్క వైపు చూసింది. తెర మీద తను అన్న మాటలే ఉన్నాయి. చెయ్యి కొంచెం గట్టిగా అదిమింది. అప్పుడు మిగతాది చెప్పింది, మెల్లగా, ఒక్కొక్క మాటా అని, అది చేతికి వచ్చేదాకా ఆగి, తర్వాతది అంటూ. మాస్టారు తొందరపెట్టలేదు. నాకు కళ్లు మసకబారి రెండు అక్షరాలు తప్పు కొట్టాను.

కూర్చున్నాక కాగితం ముందుకి లాక్కుని రాసింది: "నేను మాట్లాడినా టైప్ చేస్తారా?"

ఈ గదిలో ఎవరు మాట్లాడినా టైప్ చెయ్యడమే నా ఉద్యోగం అని కింద రాసి చూపించాను. అది రెండుసార్లు చదివి, మళ్లీ చెయ్యెత్తింది.

నీ మరదలు